ఇండియా గేట్ ముందు ఎనిమిది సెకన్లు

మా ఇంట్లో పెసలని పెసరట్టుకి కాకుండా ఫోటోలకి వాడడం మొదలుపెట్టింది మా అమ్మాయి. ఇండియా గేట్ దగ్గర కెమెరా స్టాండు పెట్టనివ్వరు. సంచిలోంచి మూడు కాళ్ల వస్తువు ఏది బయటికి తీసినా ఎక్కడినుంచో విజిల్ వినిపిస్తుంది. పోనీ చేత్తో పట్టుకుని తీద్దామా అంటే, రాత్రి ఫోటోకి కెమెరా కన్ను ఎనిమిది, పది సెకన్లు తెరిచి ఉంచాలి. అంతసేపు ఏ మనిషి చేతిలోనూ కెమెరా కదలకుండా ఉండదు. అందుకని కాలేజీలో ఎవరో చెప్పిన ఉపాయం పట్టుకొచ్చింది. గుడ్డసంచిలో గింజలు పోసి మూతి కుట్టేసి, దాన్ని గోడ మీద పెట్టి, పైన కెమెరాని ఒత్తి కూర్చోబెడితే ఇక కదలదట. బియ్యం పోసి చూశాం, కుదరలేదు. రాజ్మా పోస్తే కెమెరా పక్కకి ఒరిగింది. పెసలు సరిగ్గా సరిపోయాయి. కిలోన్నర పెసలు మా ఆయన పాత ప్యాంటు కాలులో పోసి నేనే కుట్టిచ్చాను. అప్పటినుంచి ఆయన పొద్దున్నే టిఫిన్ దగ్గర కూర్చుని, "పెసలు ఇంకా షికారు నుంచి రాలేదా?" అని అడగడం మొదలుపెట్టారు.

నేను గురుగ్రామ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుని. బాపట్ల వైపు నుంచి ఢిల్లీ వచ్చి ఇరవై రెండేళ్లయింది. మా ఆయనది కేంద్ర ప్రభుత్వంలో ఫైళ్లు చూసే ఉద్యోగం. ఆయనకిచ్చిన సర్కారు క్వార్టరులోనే ఉంటాం. ఒక్కతే కూతురు, బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. మేం తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెబుతుంది. దానికి ఫోటోల పిచ్చి. ఆడపిల్లని రాత్రిపూట ఒంటరిగా పంపే ధైర్యం నాకు లేదు కాబట్టి డ్యూటీ దిగాక దానితో కాపలాకి నేనూ వెళ్లేదాన్ని. కాపలా అన్నది పేరుకే, అసలు నా పని పెసల సంచి మోయడం.

ఒక్కోసారి గార్డు వచ్చి సంచిని అనుమానంగా నొక్కి చూసేవాడు.

"మేడమ్, ఇస్‌మే క్యా హై?"

"మూంగ్."

"మూంగ్? ఖానే కా?"

"ఫోటో ఖీంచ్‌నే కా," అనేదాన్ని. అతను నా ముఖం వైపు, సంచి వైపు చూసి, జల్దీ కీజియే అని వెళ్లిపోయేవాడు. రూలు పుస్తకంలో పెసల గురించి ఏమీ రాసి ఉండదు కదా.

కిందటి చలికాలం కాలేజీలో ఫోటో ప్రదర్శన పెడుతున్నారని మా అమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. దీపాల్లో వెలుగుతున్న ఇండియా గేట్, దాని కింద ఈ చివరినుంచి ఆ చివరి వరకు ఒకే ఒక్క వెలుగు గీత. కెమెరా కన్ను తెరుచుకుని ఉన్నంతసేపూ ఎవరో ఒకరు చిన్న టార్చి పట్టుకుని, చెయ్యి చాచి, ఎడమనుంచి కుడికి మెల్లగా తిన్నగా కదిలించాలి. నల్ల బట్టలు వేసుకుంటే మనిషి ఫోటోలో కనిపించడు. టార్చి నడిచిన దారి మాత్రం గీతలా పడుతుంది. ఎనిమిది సెకన్లు చాలట.

"మమ్మీ, ఆప్ కా హాథ్ సబ్ సే స్టెడీ హై నా. పాపా కో దియా తో ఈసీజీ బన్ జాయేగా," అంది.

ఆయన చేతికిస్తే గీత ఈసీజీలా వస్తుందన్న మాటకి మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాననిపించాను. నా చెయ్యి వణుకుతోందని అప్పటికి పది రోజులుగా నాకు తెలుసు.

మా ఇంట్లోనే కాదు, మా కాలనీ మొత్తంలో నా చెయ్యంటే ఒక పేరు. ఎవరి కాల్లో ముల్లు దిగినా, ఎవరి సూదిలో దారం ఎక్కకపోయినా నా దగ్గరికే వస్తారు. థియేటర్‌లో అయితే చెప్పనక్కర్లేదు. సర్జన్ కళ్లు కోత మీద ఉంటాయి, చెయ్యి మాత్రం నా వైపు చాస్తాడు. ఆ చేతిలో ఏ పనిముట్టు ఎప్పుడు పెట్టాలో ఆయన అడగక్కర్లేదు. కడుపు మూసేముందు రక్తం అద్దే గాజు గుడ్డలు, సూదులు అన్నీ లెక్కపెట్టి "కౌంట్ కరెక్ట్, సర్" అనేది నేనే. నేనా మాట అనేదాకా ఆయన కుట్టు మొదలుపెట్టడు. నాకు కాస్త పొగరుంది. అది ఆ మాట దగ్గరే వచ్చిందేమో.

నవంబరులో ఒక రోజు, సూదిని పట్టుకారుకి పట్టించి అందిస్తుంటే దాని కొన మెరుస్తూ సన్నగా వణికింది. మొదట దీపం అనుకున్నాను. రెండోసారీ వణికింది. సర్జన్ అందుకుంటూ మాస్కు పైనుంచి ఒక్క క్షణం నా చేతి వైపు చూశాడు. ఏదన్నా అని ఉంటే నాలుగు మాటలు జవాబిచ్చి బతికిపోయేదాన్ని. ఆ నెలంతా ఢిల్లీ పొగలో ఉంది, నాకు దగ్గు, ఆయాసం. తోటి సిస్టరు ఇచ్చిన మాత్రలు మింగుతూ డ్యూటీకి వెళ్తున్నాను, సరిగా నిద్రపోయి కూడా ఎన్నాళ్లో అయింది. అలసటేమో అని సరిపెట్టుకుందామనుకున్నాను గానీ మనసు ఊరుకోలేదు. దానికి కారణం మా నాన్న.

మా నాన్న బస్సు డిపోలో మెకానిక్. చివరి నాలుగేళ్లు మా దగ్గరే, ఈ క్వార్టరులోనే ఉన్నాడు. వణుకుడు జబ్బు. ఒళ్లో పెట్టుకున్న కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మాత్ర చుడుతున్నట్టు ఆగకుండా కదిలేవి. అన్నం తింటుంటే చెంచా పళ్లానికి కొట్టుకునే చప్పుడు వంటింట్లోకి వినిపించేది. చర్చిలో ప్రభురాత్రి భోజనం ఇచ్చేటప్పుడు చిన్న గ్లాసులో ద్రాక్షరసం చొక్కా మీద ఒలికిందని, ఆ తర్వాత గుడికి రావడమే మానేశాడు. చివరి ఏడాది నేనే తినిపించాను. ప్రతి ముద్దకీ ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. "నీకు పనెక్కువైందమ్మా నావల్ల" అనేవాడు. నర్సు బుద్ధి ఊరుకోదు కదా, ఒక రోజు నాడి చూసినట్టే గడియారం పెట్టి ఆ వణుకుని కూడా లెక్కపెట్టాను. సెకనుకి ఐదు. ఎందుకు లెక్కపెట్టానో తెలియదు. లెక్కపెడితే తగ్గుతుందా? మా అమ్మాయి అప్పుడు బడికెళ్లే పిల్ల, తాతయ్య పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకునేది.

అందుకని సూది కొన వణికిన ఆ రోజే నేను తీర్పు చెప్పేసుకున్నాను. నాన్నది నాకొచ్చింది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదనను. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. ఒక రోజు నా కూతురు చెంచా పట్టుకుని నా ఎదురుగా కూర్చోవాలి, నేను గోడవైపు ముఖం తిప్పుకోవాలి. ఆ బొమ్మ కళ్లముందు నిలబడిపోయి కదిలేది కాదు.

భుజం పట్టేసిందని ఇన్‌చార్జితో అబద్ధం చెప్పి టేబుల్ దగ్గర నిలబడే పని వదులుకున్నాను. ప్యాకెట్లు విప్పడం, రిజిస్టరు రాయడం లాంటి బయటి పని అడిగి తీసుకున్నాను. డాక్టరుకి చూపించుకోవచ్చు కదా అంటారు. ఆసుపత్రిలో నర్సుకి జబ్బు చేస్తే కేసు షీటు కంటే ముందు కబురు నడుస్తుంది. సాయంత్రానికి క్యాంటీన్ వాడు కూడా పరామర్శిస్తాడు.

పోనీ దేవుడి దగ్గర చెప్పుకుందామా అంటే అక్కడా అదే గొడవ. ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు ఆరాధనకి వచ్చేవాళ్లలో సగం మంది నర్సులే. ప్రార్థన విన్నపాలు చీటీ మీద రాసిస్తే మైకులో చదువుతారు. ఒకసారి ఒక అక్క గర్భసంచిలో గడ్డ ఉందని రాసిచ్చింది. గడ్డ సైజుతో సహా చదివి ప్రార్థన చేశారు. నెల రోజులు ఆ అక్కని చూసిన ప్రతివాళ్లూ, "ఇప్పుడెంతుందక్కా?" అనేవాళ్లే. నేను చీటీ రాయలేదు. ఆఖర్న పాస్టరుగారు, "పైకి చెప్పుకోలేని విన్నపం ఉన్నవాళ్లు చేతులెత్తండి" అన్నారు. ఎత్తాను. కుడిచెయ్యి ఎత్తితే వెనక వరసలో ఉన్నవాళ్లకి కనిపిస్తుందని ఎడమది ఎత్తాను. దేవుడి ముందు కూడా జాగ్రత్తపడ్డానని ఇంటికొచ్చాక నా మీద నాకే కోపం వచ్చింది.

ఇక ఆ ఇండియా గేట్ సాయంత్రం. మంచూ పొగా కలిసి దీపాల చుట్టూ గుండ్రంగా పసుపుపచ్చగా పట్టి ఉన్నాయి. కాలవ పక్క రాతిగట్టు మీద పెసల సంచి పెట్టి, కెమెరాని కూర్చోబెట్టి, నా చేతికి టార్చి ఇచ్చింది. అది నా టార్చే, పేషెంట్ల కంటిపాప చూడడానికి జేబులో పెట్టుకునే పెన్ను టార్చి. నేను నల్ల స్వెట్టరు వేసుకుని, చెయ్యి చాచి నిలబడ్డాను. అది ఒకటి, రెండు అని లెక్కపెడుతుంటే ఎడమనుంచి కుడికి నడిపించాను. ఊపిరి కూడా బిగబట్టాను.

తెర మీద గేటు బ్రహ్మాండంగా వచ్చింది. నేనెక్కడా లేను. కింద గీత పడింది. మా అమ్మాయి దాన్ని పెద్దది చేసి చూసింది. గీత నిండా రంపం పళ్లు.

"మమ్మీ, హిలా రహే హో ఆప్."

"చలే, ఏం చేయమంటావ్?"

"ఇత్‌నీ భీ ఠండ్ నహీఁ హై. ఏక్ బార్ ఔర్."

మళ్లీ అదే. ఇంకోసారి, చెయ్యి తడబడిందని. మరోసారి, కారు హారన్‌కి ఉలిక్కిపడ్డానని. ఆరు ఫోటోలు, ఆరింటిలోనూ పళ్లే. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నీకంత తిన్నటి గీత కావాలంటే నువ్వే పట్టుకో. నేను బటన్ నొక్కుతాను," అని టార్చి దాని చేతిలో కుక్కాను.

అది పట్టుకుంది, నేను నొక్కాను. దాని గీత ఏమంత గొప్పగా లేదు. బట్టలారేసే తాడులా మధ్యలో వేలాడింది. కానీ దానిలో ఒక్క పన్ను కూడా లేదు. మా అమ్మాయి ఆ ఫోటో, నా ఫోటో మార్చి మార్చి చూసింది. కెమెరా సంచిలో పెట్టేసి, చలో, భూఖ్ లగీ హై అంది. ఆటోలో ఇంటికొస్తూ నా కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. చలికి అనుకోవాలని నేను చాలా ప్రయత్నించాను.

మర్నాడు నాకు సెలవు. తండ్రీ కూతుళ్లిద్దరూ బయటికి వెళ్లాక దాని ల్యాప్‌టాప్ తెరిచి నా ఫోటోల్లో ఒకటి పెట్టాను. గీతని తెరంత పెద్దది చేశాను. జడకి పెట్టుకునే స్లైడు కొనతో ఒక్కో పన్నూ ముట్టుకుంటూ, గాజు గుడ్డలు లెక్కపెట్టినట్టే పదేసి చొప్పున లెక్కపెట్టాను. డెబ్బై రెండు. నమ్మకం లేక మళ్లీ మొదలుపెడితే డెబ్బై నాలుగు. ఎనిమిది సెకన్లకి డెబ్బై చిల్లర అంటే సెకనుకి తొమ్మిది. నాన్నది ఐదు.

అక్కడే నా ప్రాణం కుదుటపడాల్సింది. ఇది నాన్న వణుకు కాదని లెక్క చెబుతోంది. కానీ భయం పట్టిన మనిషికి లెక్క చెవికెక్కదు. నాన్నకంటే నాది రెట్టింపు వేగం, అంటే రెట్టింపు జబ్బు అనుకున్నాను. ఇరవై రెండేళ్ల సర్వీసున్న నర్సు చేసే ఆలోచనేనా ఇది? ఫోన్‌లో వెతికితే ఇంకో మూడు జబ్బులు దొరికాయి. మూడూ నాకున్నట్టే అనిపించాయి. ల్యాప్‌టాప్ మూసేసి, ఆయాసంగా ఉందని ఇంకో మాత్ర వేసుకుని పడుకున్నాను.

ఆ వారం ఇంట్లో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. మా అమ్మాయి తలుపేసుకుని గదిలోనే ఉండేది. పరీక్షలేమో అనుకున్నాను. శుక్రవారం రాత్రి వంటింట్లోకి వచ్చి, గోడకానుకుని నిలబడి, రేపు నాతో డాక్టరు దగ్గరికి రావాలంది.

"ఎవరికేమైంది?"

"ముఝే. సర్ దర్ద్ హో రహా హై బహుత్ దినోఁ సే. న్యూరో వాలే కో దిఖానా హై."

నా వణుకు ఎక్కడికి పోయిందో. పిల్లకి తలనొప్పి అంటే నరాల డాక్టరు దాకా వెళ్లాల్సినంత ఏముంది, కళ్లు తిరుగుతున్నాయా, వాంతులవుతున్నాయా అని ప్రశ్నలతో చంపేశాను. రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే దాన్ని వెంటబెట్టుకుని, మా ఆసుపత్రికి ఏమాత్రం సంబంధం లేని ఒక క్లినిక్‌కి వెళ్లాను. రిసెప్షన్‌లో అమ్మాయి పిలిచింది నా పేరు.

"నా పేరెందుకు పిలుస్తున్నారే?"

"క్యోంకి అపాయింట్‌మెంట్ ఆప్ కా హై," అంది నా వైపు చూడకుండా.

అందరి ముందూ దాని చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. అప్పటికే తలుపు తెరిచి పట్టుకున్నారు కాబట్టి బతికిపోయింది.

డాక్టరు పెద్దావిడ, నెరిసిన జుట్టు, మెడలో కళ్లద్దాల తాడు. నేను నర్సునని చెప్పగానే సిస్టర్ అనడం మొదలుపెట్టింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకోమంది. కళ్లు మూసుకుని, వందలోంచి ఏడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంది. తొంభై మూడు, ఎనభై ఆరు అంటూ పోతున్నాను. ఇలా మనసు వేరే పనిలో ఉన్నప్పుడే నాన్న చేతివేళ్లు ఇంకా జోరుగా చుట్టేవి.

"బేటీ, మమ్మీ కే హాథ్ దేఖో," అంది డాక్టరు.

నేనూ కళ్లు తెరిచి చూశాను. ఒళ్లో నా చేతులు రెండూ నిద్రపోతున్నట్టు పడి ఉన్నాయి. వేలు కూడా కదలడం లేదు. ఈ మూడు వారాల్లో చెయ్యి చాచినప్పుడల్లా చూసుకున్నాను గానీ ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఒక్కసారి కూడా చూసుకోలేదు. చూడాలంటే భయం వేసింది, అదీ అసలు సంగతి. నడిపించింది, వేళ్లు టపటపా కొట్టమంది, కాగితం మీద చుట్టలు గీయించింది. చెయ్యి చాచమంటే మాత్రం సన్నగా వణికింది.

"కోయీ దవా లే రహీ హైఁ, సిస్టర్?"

"కుఛ్ నహీఁ," ఏ మందూ వాడడం లేదన్నాను ఖచ్చితంగా.

మా అమ్మాయి నా కుర్చీ పక్కనున్న హ్యాండ్‌బ్యాగ్ లాక్కుని బల్ల మీద బోర్లించింది. దువ్వెన, మెట్రో కార్డు, చిన్న బైబిలు, ఆ తర్వాత ఆయాసం మాత్రల రేకులు నాలుగు, పీల్చే పంపు ఒకటి. డాక్టరు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో రేకూ తిప్పి చూసింది.

"యే దిన్ మేఁ కిత్‌నీ?"

"మూడు," అన్నాను. ఆవిడ అలాగే చూస్తుంటే, "ఒక్కోసారి నాలుగు," అన్నాను.

"ఔర్ పంప్?"

"ఆయాసం వచ్చినప్పుడల్లా."

"ఎవరు రాసిచ్చారు?" అని హిందీలో అడిగింది. నేను బల్ల మీది దువ్వెన వైపు చూశాను.

"మీ పేషెంటు ఇదే పని చేస్తే మీరేమంటారు, సిస్టర్?" అంది ఆవిడ.

ఏమంటానో నాకు బాగా తెలుసు. ఆ మాటలు ఇక్కడ రాయలేను. ఈ మందు ఎక్కువైతే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, నిద్ర పట్టదు అని నేను ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. ఆ మూడూ నాకే జరుగుతుంటే, మూడింటికీ మా నాన్న పేరు పెట్టుకుని కూర్చున్నాను. ఏ మామూలు మనిషైనా మొదటి వారమే డాక్టరు దగ్గరికి వెళ్లి ఉండేవాడు. అన్నీ తెలుసనుకున్న నర్సుని కాబట్టి నేను వెళ్లలేదు.

మా అమ్మాయి ఫోన్‌లో ఆ ఫోటో తీసి చూపించింది. డాక్టరు దాన్ని పెద్దది చేసి చూసి, "కమాల్ హై" అని ముచ్చటపడింది. మా నాన్న సంగతి చెప్పాను. ఆ జబ్బే అయితే ఈ పళ్లు ఇంత దగ్గరగా పడవు, దాదాపు సగమే ఉంటాయి అంది. మాత్రలు ఆపమంది, థైరాయిడ్ పరీక్ష రాసింది, ఛాతీ డాక్టరుకి చూపించుకుని పద్ధతిగా మందు వాడమంది. నెల తర్వాత ఒకసారి వచ్చి కనపడమంది. నేను నవ్వడం మొదలుపెట్టాను. నవ్వుతూనే ఏడ్చాను. ఆవిడే మంచినీళ్లు ఇచ్చింది.

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. మాత్రలు ఆపిన నాలుగో రోజుకి టీ కప్పు సాసరు మీద చప్పుడు చేయడం మానేసింది. థైరాయిడ్ బాగానే ఉంది. నెల తిరిగి వెళ్తే డాక్టరు నన్ను రెండు నిమిషాల్లో పంపించేసింది. మళ్లీ టేబుల్ దగ్గర నిలబడిన మొదటి రోజు సర్జన్ ఎప్పటిలాగే కళ్లెత్తకుండా చెయ్యి చాచాడు. పట్టుకారు పెట్టాను. సూది కొన కదల్లేదు. కాసేపాగి, "కంధా ఠీక్ హో గయా, సిస్టర్?" అని నా భుజం గురించి అడిగాడు. అంతా తెలిసీ ఎవరికీ చెప్పని ఆ మనిషి మీద గౌరవం కలిగింది. "జీ సర్, బిల్‌కుల్," అన్నాను.

క్లినిక్ బయటికొచ్చాక జరిగిన సంగతే ఇంకా చెప్పలేదు. నేను పట్టలేని సంతోషంలో మెట్ల మీద నిలబడి మా ఆయనకి ఫోన్ చేశాను. ఏమీ లేదంట, మాత్రల వల్లేనంట అని గడగడా చెప్పేశాను. ఆయనకి అసలు సంగతే తెలియదు కదా, "ఏమీ లేనిదేంటి? ఎవరికి?" అని కంగారుపడిపోయారు. ఇంటికొచ్చి చెబుతానని పెట్టేసి చూస్తే మా అమ్మాయి పక్కన లేదు. కింది మెట్టు మీద కూర్చుని, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తోంది. చిన్నగా కాదు, భుజాలు ఎగిరిపడేలా.

"ఏందే, ఏమీ లేదని చెప్తే ఇప్పుడేడుస్తావేంది?" అన్నాను పక్కన కూర్చుంటూ.

అది ముఖం ఎత్తలేదు. "తో ఫిర్ ముఝే భీ నహీఁ హోగా నా, మమ్మీ?"

తనకీ రాదు కదా అని ఎందుకడుగుతోందో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అది తన సంచిలోంచి కెమెరా తీసి నా చేతికిచ్చింది. ఇండియా గేట్ ఫోటోల తర్వాత ఇంకా ఉన్నాయి. దాని గది, దాని చదువుకునే బల్ల, బల్ల వెనక గోడ. చీకట్లో ఆ గోడ మీద వెలుగు గీతలు. ఒకటి తర్వాత ఒకటి నొక్కుతూ పోయాను, అయిపోవడం లేదు. కుడిచేత్తో గీసినవి, ఎడమచేత్తో గీసినవి, కూర్చుని గీసినవి, నిలబడి గీసినవి. ఆ వారమంతా రోజూ తీసినవే. తాతకొచ్చింది, అమ్మకొచ్చింది, ఇక తనకే అనుకుంది. నా చెయ్యి ఎవరి కంటా పడకుండా నేను దాచుకుంటున్న ఆ రాత్రుళ్లన్నీ, గోడకి అవతల నా బిడ్డ తలుపేసుకుని తన చెయ్యి చూసుకుంటూ కూర్చుంది.

నాకు ముందు వచ్చింది కోపమే. "నన్నడగొచ్చు కదే!"

"ఆప్ బతా సక్‌తే థే," అంది.

నిజమే, ముందు చెప్పాల్సింది నేనే. కెమెరా పక్కన పెట్టి, దాని రెండు చేతులూ తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. ఏదో ఒకటి మాట్లాడమన్నాను. ఏం మాట్లాడాలో తెలియక, ఆ సెమిస్టర్‌లో ఉన్న పేపర్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. నేను దాని వేళ్లనే చూస్తూ కూర్చున్నాను. చల్లగా ఉన్నాయి, చూపుడువేలికి పెన్ను మరక ఉంది. ఒక్క వేలు కూడా కదల్లేదు. చాలాసేపు చూశాను, కావలసినదానికంటే ఎక్కువసేపే.

"రాదు," అన్నాను.

"పక్కా?"

"పక్కా."

అలా మాటివ్వకూడదని నాకు తెలుసు, ఏ పేషెంటుకీ ఎప్పుడూ ఇవ్వలేదు. అది నా చున్నీతో ముఖం తుడుచుకుని, కాసేపు నా భుజం మీద తల ఆనించి, పొద్దుట్నుంచి ఏమీ తినలేదంది.